స్టీరింగు మీద ఎర్రగుడ్డ

మా బావ పుట్టిన రోజే తన ఉయ్యాల కొక్కెం అరిగిపోయిందని కనిపెట్టిన మనిషి. పసివాడు గుక్క తిప్పుకోకుండా ఏడుస్తుంటే ఇంట్లోవాళ్లు ఆకలన్నారట, కడుపునొప్పన్నారట. చివరికి ఎవరో ఎడమవైపు కొక్కెం మార్చి కాస్త నూనె వేస్తే ఠక్కున ఏడుపు ఆపి నిద్రపోయాడట. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆయన్ని ఒక్క పూట దగ్గర్నుంచి చూసినవాళ్లెవరైనా ఇది నిజమేనని ఒప్పుకుంటారు.

తొమ్మిదో తరగతిలో బడికీ నాకూ పొసగక ఎవరి దారిన వాళ్లం పోయాం. అప్పటినుంచి నా చదువంతా బావ షెడ్డులోనే. తారురోడ్డు ముగిసి కొండదారి మొదలయ్యే చోట ఉంటుంది మా షెడ్డు. కింద రేకుల కప్పు, నూనె మరకల నేల, బండిని గాల్లోకి లేపే పాత లిఫ్టు. పక్కనున్న ఇనప మెట్లు ఎక్కితే బావా అక్కా కాపురముండే రెండు గదులు. కొండ మీదికి వెళ్లే జీపులన్నీ మా గుమ్మం ముందునుంచే వెళ్లాలి, దిగొచ్చేవి మా గుమ్మంలోనే ఆగాలి. ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి ఏదో ఒకటి ఊడి చేతికి వస్తుంది.

బావను అందరూ కీళ్ల డాక్టరంటారు. ఇంజను జోలికి పోడు, గేరుపెట్టె వేరేవాళ్లకు పంపిస్తాడు. ఆయన లోకమంతా కీళ్లే. జీపు కింద కూడా చేతులుంటాయని చాలామందికి తెలియదు. ముందు ఇరుసును చట్రానికి పట్టి ఉంచే ఇనప చేతులవి. కంట్రోల్ ఆర్ములంటారు. మన చేతికి భుజం దగ్గరా మణికట్టు దగ్గరా కీలున్నట్టే వాటికీ రెండు చివరలా కీళ్లుంటాయి, ఒక చివర గ్రీజు తాగే ఇనప గుండు, రెండో చివర బోల్టుకు తొడుగులా ఉండే రబ్బరు బుష్. తారురోడ్డు మీద తిరిగే బండికి అవి ఉన్నాయన్న ధ్యాసే ఉండదు. మా దారిలో అలా కాదు. ఒక చక్రం బండరాయి మీదికి ఎక్కితే ఇంకోటి గోతిలో దిగుతుంది, ఆ మెలికంతా పడేది వాటి మీదే. వాగు దాటితే లోపలికి బురద, అది ఎండితే దుమ్ము. దుమ్ము గ్రీజులో కలిసిందంటే ఇక ఆకురాయే, ఇనుమును పిండి చేసేస్తుంది.

అందుకే బావకు ఎప్పుడూ బెంగే. వాగు దాటొచ్చిన ప్రతి బండికీ కీళ్లు కడుగుతాడు. కీలు మీది రబ్బరు టోపీని గోటితో తడిమి పగులుందేమో చూస్తాడు. పలుగు దూర్చి కదిపి చూస్తాడు. గ్రీజు కొడితే కొత్త గ్రీజు అంచున తల బయట పెట్టగానే ఆపేస్తాడు. మిగతా షెడ్లలో కారేదాకా కొడతారు. "అలా కొడితే టోపీ పగులుతుందిరా, ఆ పగుల్లో దుమ్ము కాపురం పెడుతుంది" అంటాడు. నట్టు బిగించాక దాని మీదినుంచి చట్రం మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీస్తాడు. మర్నాడు గీత విరిగి కనిపిస్తే నట్టు కదిలిందన్నమాట. పెళ్లికి పిలిస్తే కూర్చోబోయే ముందు కుర్చీ కాళ్లు కదిపి చూసే రకం. మా అక్కను చూడటానికి వచ్చినప్పుడు ఆమె ముఖం తర్వాత, ముందు మా ఇంటి తలుపు బందులు చూశాడని నేనంటాను. ఆయన కాదనడు.

అక్క ఆయనకు పూర్తిగా విరుద్ధం. కొండదారిలో జీపు నడిపేది ఆవిడే. పచ్చరంగు పాత జీపు. దాన్ని పచ్చబండి అంటాం. వారానికోసారి నర్సమ్మను కొండ మీది ఇళ్లకు తీసుకెళ్లి, ఆస్పత్రికి రావలసిన ముసలివాళ్లను ఎక్కించుకుని దిగుతుంది. "ఆవిడ విరగ్గొడుతుంది, నేను అతికిస్తాను, అందుకే మా కాపురం నడుస్తోంది" అని బావ అన్నట్టు నేను నలుగురికీ చెబుతుంటాను. ఆయన నిజంగా అనే మాట వేరు: "మెల్లగా వెళ్లు." పొద్దున అదే మాట, మధ్యాహ్నం అదే మాట. ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు. స్టీరింగు మీద చెయ్యి ఉన్నంతసేపు ఫోను ముట్టుకోకూడదు, ఎవరు చేసినా సరే, ఆయనే చేసినా సరే. అక్క ఆయన చెప్పిన వాటిలో నూటికి తొంభై వినదు. ఇది మాత్రం వింటుంది.

అసలు విషయానికి ముందు ఎర్రగుడ్డ సంగతి చెప్పాలి. రబ్బరు బుష్ ఉన్న బోల్టును బండి గాల్లో ఉండగా బిగించకూడదు. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుంటాయి. అప్పుడు బిగిస్తే, నేలకు దించగానే రబ్బరు మెలితిరిగి, ఆ మెలికతోనే బతికి, త్వరలోనే చిరిగిపోతుంది. కాబట్టి పైన చేత్తో నట్టు పట్టించి వదిలేయాలి. బండిని దించి, ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు తోసి, దాని బరువు దాని కాళ్ల మీద పడ్డాక అసలు బిగింపు బిగించాలి. ఈ రెండింటి మధ్యలో బండి చూడటానికి బాగానే ఉంటుంది, నిజానికి బోల్టులన్నీ చేతిబిగువు మీదే ఉంటాయి. అందుకని బావ దించబోయే ముందు స్టీరింగుకు ఎర్రగుడ్డ కడతాడు. గుడ్డ ఉంటే బండి ముట్టుకోకూడదు, గుడ్డ లేకపోతే తీసుకెళ్లొచ్చు. మా షెడ్డులో దీనికి మించిన చట్టం లేదు.

ఆ రోజు పచ్చబండికి ముందు చేతులు నాలుగింటికీ కొత్త బుష్‌లు వేశాం. చేతిబిగువు అయింది, గుడ్డ కట్టడం అయింది, బండి దించాం. తీరా చూస్తే టార్కు రెంచి లేదు. ఎంత బిగువు కావాలో పెడితే అంత రాగానే టక్కుమని చెప్పే రెంచి అది. దాన్ని లారీల షెడ్డువాళ్లు ముందురోజు తీసుకెళ్లి తిరిగివ్వలేదు. మామూలు రెంచితో బిగించేద్దామన్నాను. బావ నా వైపు చూసిన చూపుకు మరో మాట మాట్లాడకుండా బైకు తీశాను. ఆయన వెనక ఎక్కాడు.

లారీల షెడ్డులో రెంచి వెతకడం ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి మా షెడ్డులో పచ్చబండి లేదు. నేల మీద దాని టైర్ల తడి గుర్తులు రోడ్డు వైపు వెళ్లాయి. బావ బైకు మీంచి దిగలేదు.

"ఏది?" అన్నాడు.

"అక్క తీసుకెళ్లినట్టుంది."

"గుడ్డ కట్టాను కదా."

"కట్టావు బావా. నేను చూశాను."

"కట్టానా?"

"రెండు ముళ్లు వేశావు."

ఆయన తల పైకెత్తాడు. నేనూ ఎత్తాను. మేడ మీది తీగె మీద బావ చొక్కాలు వరసగా ఆరేసి ఉన్నాయి. వాటి మధ్యలో, రెండు క్లిప్పులు పెట్టి, నీళ్లు కారుతూ ఎర్రగుడ్డ.

మా అమ్మ ఆ వారమే మా దగ్గర ఉండటానికి వచ్చింది. చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం ఆమెకు చేతకాదు.

"అత్తయ్యా," అన్నాడు బావ. "ఆ ఎర్రగుడ్డ ఎక్కడిది?"

అమ్మ పిట్టగోడ మీంచి తొంగి చూసింది. "అదా బాబూ. మీ చొక్కాలు ఉతుకుదామని కిందికి వచ్చాను. స్టీరింగుకు చుట్టి వదిలేశారు, జిడ్డు కారుతోంది. రెండుసార్లు సబ్బు పెట్టాను, మరక పూర్తిగా పోలేదు. ఇప్పుడు కావాలా? ఇంకా తడిగా ఉందే."

"అమ్మాయి ఎప్పుడు వెళ్లింది?"

"మీరటు వెళ్లారు, ఇది ఇటు వెళ్లింది. నర్సమ్మ తొందరపెట్టింది. గుడ్డ తీసేశారు, బండి తయారన్నమాట అంటూ ఎక్కేసింది." అమ్మ మా ముఖాలు చూసి ఆగింది. "ఏం బాబూ, అది ఉతక్కూడనిదా?"

బావ తిట్టి ఉంటే నాకు కాస్త ధైర్యంగా ఉండేది. ఫోను తీసి అక్కకు చేశాడు. మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు.

"ఎత్తదు బావా," అన్నాను. "ఎత్తొద్దని నువ్వే కదా..."

"నేనే," అన్నాడు. "నేనే చెప్పాను. పోనీ."

నేను బైకు ఎలా నడిపానో అడగకండి. ఆ రోజు నా టైర్లు నేలను ముట్టింది మలుపుల్లో మాత్రమే. వెనక బావ రెంచిని పసిబిడ్డను పట్టుకున్నట్టు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. నా చెవిలో ఆగకుండా ఏదో చెబుతూనే ఉన్నాడు. నాకు చెబుతున్నట్టు లేదు, తనకే చెప్పుకుంటున్నట్టుంది.

"ఎక్కేటప్పుడు ఫరవాలేదు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి ఉంటుంది. మెల్లగానే వెళ్తుంది. నట్లు నాలుగు చుట్లయినా పట్టించాను. దిగేటప్పుడే. దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ ఇరుసు వెనక్కి తన్నుతుంది, ఆ తన్నంతా కింది చేతుల మీదే. బోల్టు జారిందంటే ఇరుసు తిరిగిపోతుంది. ఇరుసు తిరిగితే స్టీరింగు ఆవిడ మాట వినదు."

"దిగడం మొదలుపెట్టేలోపు అందుకుంటాం బావా."

"పైన ఎంతసేపు ఉంటారు?"

"నర్సమ్మ మాటలు మొదలుపెడితే ఇప్పట్లో లేవదు."

"ముసలివాళ్లు ముందే తయారై కూర్చుని ఉంటే?"

నేను యాక్సిలరేటరు ఇంకాస్త మెలితిప్పాను.

వాగు దగ్గర బండి ఆపమన్నాడు. దిగి రాళ్ల మధ్య వంగి ఒక వాషరు తీశాడు. ఆయన దాన్ని తుడిచి, ఎండకు పెట్టి చూసి, "తుప్పు పట్టింది, మనది కాదు" అని పారేశాడు. మళ్లీ ఎక్కాడు. ఇక అక్కడినుంచి నేను రోడ్డు చూడటం, ఆయన నేల చూడటం. మెరిసిన ప్రతి గాజుపెంకుకూ నా భుజం నొక్కేవాడు. నేను వేగం తగ్గించేవాణ్ని. కాదు, పోనీ, అనేవాడు. అలా ఎన్నిసార్లో.

పెద్ద ఎక్కుడు సగంలో మళ్లీ నొక్కాడు. ఈసారి పోనీ అనలేదు. దిగి నాలుగడుగులు వెనక్కి నడిచి, దుమ్ములోంచి ఒక నట్టు తీశాడు. కొత్తది. మెరుగు పోలేదు. పొద్దున నా చేత్తో డబ్బాలోంచి తీసి ఆయనకు అందించిన నాలుగింటిలో ఒకటి. నాకు తెలిసిపోయింది, ఆయనకు నాకంటే ముందే తెలిసింది. చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. అంతదాకా చెవిలో ఆ గొణుగుడు విసుగ్గా ఉండింది. అది ఆగిపోయాక, మళ్లీ మొదలుపెడితే బాగుండునని నాకు అనిపించింది.

మలుపు తిరగ్గానే ఎదురు కొండ చరియ మీద పచ్చబండి కనిపించింది. అప్పటికే దిగుతోంది. ముందు సీట్లో నర్సమ్మ తెల్లకోటు, వెనక తలపాగాలూ ముసుగులూ, గోతి వచ్చినప్పుడల్లా అందరూ ఒకేసారి ఊగుతున్నారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఇంకో రెండు మలుపులు తిరిగితే మా ఎదుటికి వస్తుంది. నేను బైకు ఆపి, చొక్కా విప్పి ఊపబోయాను. బావ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు.

"దించు."

"ఆపొద్దా బావా?"

"నువ్వలా ఊపితే ఏదో కొంప మునిగిందనుకుంటుంది. బ్రేకు మీద నిలబడుతుంది. అది వెయ్యకూడదనే కదా మనం వచ్చింది." చుట్టూ చూశాడు. "బైకు ఆ పక్కన పెట్టు. చొక్కా తొడుక్కో. ఆ రాయి మీద కూర్చో."

"కూర్చోవాలా?"

"ఊరికే కూర్చున్నట్టు కూర్చో."

నేను కూర్చున్నాను. ఆయన నా పక్కన కూర్చుని రెంచిని వీపు వెనక దాచాడు. జీపు చప్పుడు దగ్గరవుతోంది. ఇంజను హోరు మధ్యలో ఇంకో చప్పుడు కూడా వినిపిస్తోంది, ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు, ఉండుండి ఒక్కసారి. అది వచ్చినప్పుడల్లా ఆయన మోకాలి మీది వేళ్లు బిగుసుకునేవి. ముఖం మాత్రం కదలలేదు. మలుపులో పచ్చబండి ముక్కు కనపడగానే బావ ఒక పని చేశాడు. నేను ఆ షెడ్డులో ఉన్నన్నేళ్లలో ఆయన అలా చేయడం చూడలేదు. నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వి, దారిలో తెలిసినవాళ్లు ఎదురైతే పలకరించినట్టు చెయ్యి కొద్దిగా ఎత్తాడు.

అక్క చూసింది. బ్రేకు తొక్కలేదు. గేరు తగ్గించింది, ఇంకోటి తగ్గించింది, ఇంజను మూలుగుతూ బండిని వెనక్కి పట్టుకుంది. నత్తలాగా వచ్చి మా ముందు ఆగింది.

"ఏమండీ, ఎవరికి ఏమైంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజను ఆపు. గేరులోనే ఉంచు. హ్యాండ్‌బ్రేకు మెల్లగా లాగు." నేను అప్పటికే చక్రాల కింద రాళ్లు పెడుతున్నాను. "ఇప్పుడు అందర్నీ దింపు. కొండ వైపునుంచి."

వెనక కూర్చున్న ముసలాయన కదల్లేదు. "మొగుడూ పెళ్లాలు దారి మధ్యలో మాట్లాడుకోడానికి మమ్మల్ని దింపుతారేంటమ్మా. మాకు వినపడదులే, మాట్లాడుకోండి."

"దిగు తాతా," అంది అక్క. ఆవిడ కళ్లు బావ మీదే ఉన్నాయి. "ఆయన నవ్వారు. ఊరికే నవ్వే మనిషి కాదు."

తాత దిగాడు. నర్సమ్మ ఒక్కొక్కరికీ చెయ్యి అందించి కొండ పక్కన కూర్చోబెట్టింది. బావ జేబులోంచి నట్టు తీసి అక్క అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని చూసింది, జీపు కింది వైపు చూసింది, తను దిగివచ్చిన దారి చూసింది.

"గుడ్డ లేదండీ. నేను చూసే ఎక్కాను," అంది.

"తెలుసు. నీ తప్పేం లేదు."

"మరి ఎవరు తీశారు?"

"ఉతికారు," అన్నాను నేను. "తీగె మీద ఆరుతోంది. బాగా తెల్లబడింది."

బావ నన్ను పై మలుపుకు పంపాడు, వెనకనుంచి బండ్లేవైనా వస్తే ఆపమని. వెళ్లి నిలబడ్డాను. అక్కడినుంచి జీపు కనిపించదు, కొండ అడ్డం. చప్పుళ్లు మాత్రం వినపడతాయి. ఒకసారి సుత్తి దెబ్బలు వినిపించాయి. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని విన్నాను. సుత్తి పక్కన పెట్టారా, బోల్టు ఎక్కలేదా, చట్రానికి ఉన్న రంధ్రమే సాగిపోయిందా, రాయి జారిందా, ఎవరూ అరవడం లేదు కాబట్టి జారలేదు, అరిచే టైము లేకుండా జారితే? అప్పుడు వినిపించింది, టక్. కాసేపాగి ఇంకో టక్. నాలుగూ లెక్కపెట్టుకుని అక్కడే నేల మీద చతికిలబడ్డాను.

నేను చూడకపోయినా ఏం జరిగిందో నాకు తెలుసు, అందరికీ అలాగే చెబుతాను. మా బావ ఆ జీపు కిందికి పాములా దూరి, వంకర పోయిన ఇరుసును ఒంటి భుజంతో ఎత్తి, బయటికొచ్చిన బోల్టును అరచేత్తో ఒక్క పోటు పొడిచి లోపలికి పంపి, ఎడమచేత్తో రెంచి పట్టుకుని ఒక్క లాగు లాగితే కొండ కదిలి, పై నుంచి మట్టి రాలి నా నెత్తిన పడింది. చెయ్యి వణకలేదు, చెమట పట్టలేదు. పని అయ్యాక నర్సమ్మ నాడి పట్టి చూస్తే నిద్రపోతున్నవాడి నాడిలా ఉందట. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన జీపులో ముందు సీట్లో కూర్చుని, నర్సమ్మను వెనక కూర్చోమని, దారి పొడుగునా అక్కతో జోకులు వేశాడట.

ఇదంతా రాశాక షెడ్డులో చదివి వినిపించాను. బావ ఒక కీలుకు గ్రీజు కొడుతూ విన్నాడు. కొత్త గ్రీజు తల బయట పెట్టగానే గన్ను ఆపి, గుడ్డతో అంచు తుడిచి, నా వైపు చూడకుండా అన్నాడు:

"కొండేం కదల్లేదు. బోల్టు సగం బయటికొచ్చి ఉంది. నా చెయ్యి వణుకు ఆగలేదు. సుత్తితో కొట్టిందీ, రెంచి లాగిందీ మీ అక్కే. నేను పక్కన పడుకుని ఫోను లైటు పట్టుకున్నాను."